భరణం కేసు, ఒక ఎర్ర నోట్‌బుక్ - నా అనుభవం

చాలామంది ఆడవాళ్ళు నన్ను పక్కకి పిలిచి మెల్లగా అడుగుతుంటారు, భరణం నిజంగా వస్తదా, ఎంత వస్తది, ఎన్నేళ్ళు పడ్తది, లాయర్‌కే అంతా పోతదట కదా అని. ప్రతిసారీ ముక్కలు ముక్కలుగా చెప్తున్నా కాబట్టి ఒకసారి మొత్తం రాసేస్తే మేలనిపించింది. నేను లాయర్‌ని కాదు, నా కేసులో నాకు జరిగింది, మా వకీలు మేడమ్ దగ్గర కూర్చుని అర్థం చేసుకున్నది మాత్రమే రాస్తున్నా. ఎవరి కేసు వాళ్ళది.

మాది 2013లో పెళ్ళి, కాపురం కూకట్‌పల్లిలో. పెళ్ళికి ముందు బీఈడీ చేసి ఒక ప్రైవేట్ స్కూల్లో మ్యాథ్స్ చెప్పేదాన్ని, నెలకి 14,000 వచ్చేది. 2015లో ప్రెగ్నెన్సీతో మానేశా, 2016లో పాప పుట్టింది, దానికి చిన్నప్పట్నుంచే ఆయాసం, ఇక మళ్ళీ స్కూల్ మెట్లు ఎక్కలేదు. ఆయన హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్. ఇంట్లో గొడవలన్నీ ఇక్కడ రాయను, అది పాపకి కూడా సంబంధించిన విషయం. ఒక్కటి మాత్రం చెప్తా, ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయన జీతం ఎంతో నాకు తెలీదు. కూరగాయలకి ఇచ్చిన 500కి సాయంత్రం లెక్క చెప్పాలి, చిల్లర టేబుల్ మీద పెట్టాలి. దానికి చట్టంలో ఒక పేరుందని, 2005 గృహహింస చట్టంలో ఆర్థికంగా హింసించడం కూడా హింసే అని రాసుందని నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం మగాళ్ళు ఇంతేనేమో అనుకునేదాన్ని. 2021 నవంబర్‌లో ఒక రాత్రి మాటా మాటా పెరిగి, నీ పుట్టింటికి పో అన్నాడు, పాపని తీసుకుని చైతన్యపురిలో అమ్మ దగ్గరికి వచ్చేశా. నాన్న లేరు. అన్నా వదినా పైన పోర్షన్‌లో ఉంటారు.

వచ్చిన నెల రోజులకి ఇరువైపుల పెద్దమనుషులు కూర్చున్నారు. అక్కడే నేను చేయబోయి ఆగిపోయిన పెద్ద తప్పు ఉంది, అది ముందు చెప్పాలి. మా ఆయన మేనమామ ఒక 100 రూపాయల స్టాంప్ పేపర్ టైప్ చేయించుకొచ్చాడు. ఇద్దరం పరస్పర అంగీకారంతో వేరుగా ఉంటున్నాం, ఒకరి మీద ఒకరికి ఎలాంటి హక్కులూ లేవు, అమ్మాయికి ఇప్పుడు గానీ ఇకపై గానీ ఏమీ అక్కర్లేదు అని ఉంది. సంతకం పెడితే పెళ్ళిలో పెట్టిన బంగారం ఇచ్చేస్తామన్నారు. నాకు ఆ గదిలోంచి బయటపడితే చాలనిపించింది, పెన్ను కూడా పట్టుకున్నా. వదినే నా చేతిలోంచి కాగితం తీసుకుని, చదివించుకుని రేపు చెప్తాం మామయ్యా అంది. ఆ ఒక్క మాటకి వదినకి నేను జన్మంతా రుణపడి ఉంటా. తర్వాత వకీలు మేడమ్ చెప్పారు, స్టాంప్ పేపర్ మీద రాసుకుంటే మనకి విడాకులు అయిపోవు, కోర్టు డిక్రీ ఉంటేనే విడాకులు. పైగా నెలవారీ భరణం అడిగే సెక్షన్‌లోనే, భార్యాభర్తలు ఇద్దరూ ఇష్టపడి విడిగా ఉంటుంటే భార్య అడగడానికి లేదని ఒక మాట ఉంది. ఆ కాగితం మీద నా సంతకం ఉంటే దాన్నే పట్టుకుని ఏళ్ళకేళ్ళు వాదించేవాళ్ళు. దయచేసి ఎవరూ పంచాయితీలో కూర్చుని అప్పటికప్పుడు సంతకాలు పెట్టకండి. ఒక్క రోజు టైం అడగండి, ఏం మునిగిపోదు.

లాయర్ ఫీజుకి నా దగ్గర రూపాయి లేదు. అన్న ఇస్తానన్నాడు కానీ అన్నకీ ఇద్దరు పిల్లలు. వదిన వాళ్ళ ఆఫీసులో ఎవరో చెప్తే తెలిసింది, ఆడవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు అని, 1987 చట్టంలోనే ఉందట. 15100 కి ఫోన్ చేయొచ్చు, లేదా కోర్టు కాంప్లెక్స్‌లోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీస్ ఉంటుంది, అక్కడ అప్లికేషన్ ఇవ్వొచ్చు. నేను ఆధార్, పెళ్ళి ఫోటో, పాప బర్త్ సర్టిఫికెట్ పట్టుకుని వెళ్ళా. ఫ్రీ లాయర్ అంటే పట్టించుకోరని చాలామంది భయపెట్టారు, నాకు వచ్చిన మేడమ్ మాత్రం యాభై ఏళ్ళు దాటిన మనిషి, మొదటి రోజే గంటన్నర కూర్చోబెట్టుకుని విన్నారు. మధ్యలో నేను ఏడిస్తే ఆపలేదు, నీళ్ళ బాటిల్ ముందుకి జరిపి, ఏడ్చేయమ్మా, తర్వాత తారీఖులు చెప్పు అన్నారు.

ఆ రోజు నాకు అర్థమైందేంటంటే భరణం అని మనం అనేది ఒక్కటి కాదు, దానికి మూడు నాలుగు దారులున్నాయి. కాగితాల్లో మనోవర్తి అని రాస్తారు, లాయర్లు మెయింటెనెన్స్ అంటారు, కేసు నంబర్ ముందు ఎం.సి., అంటే మెయింటెనెన్స్ కేసు అని ఉంటుంది. విడాకులు అడక్కుండానే, కేవలం నన్నూ పాపనీ చూసుకోవట్లేదు అని వేసేది సీఆర్‌పీసీ, అంటే పాత క్రిమినల్ ప్రొసీజర్ చట్టం, 125వ సెక్షన్ కింద. అది 2024 జులై 1 నుంచి కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 144వ సెక్షన్ అయింది, నంబర్ మారింది గానీ విషయం దాదాపు అదే. రెండోది గృహహింస కేసులో భాగంగా అడిగేది. మూడోది హిందూ వివాహ చట్టంలో, విడాకుల కేసో ఇంకేదో నడుస్తున్నంతకాలం అడిగేది 24వ సెక్షన్, కేసు తేలేటప్పుడు శాశ్వతంగా అడిగేది 25వ సెక్షన్. ఈ 24, 25 భర్త కూడా అడగొచ్చు, 125 మాత్రం భర్తకి లేదు. రెండు మూడు చోట్ల వేసుకోవచ్చు కానీ ఒకచోట వచ్చింది ఇంకోచోట చెప్పి తీరాలి, దాన్ని సర్దుబాటు చేస్తారు, డబుల్ రాదు. నేను అప్పటికి విడాకులు కావాలో వద్దో కూడా తేల్చుకోలేదు కాబట్టి ముందు ఎం.సి. వేద్దాం అన్నారు. ఎక్కడ వేయాలి, ఆయన కూకట్‌పల్లిలో ఉన్నాడు కదా అంటే, నువ్వు ఉంటున్న చోటే వేయొచ్చు అన్నారు. అది విని సగం బరువు దిగింది, పాపని వేసుకుని ఆ చివరికి తిరగక్కర్లేదు.

మేడమ్ మళ్ళీ మళ్ళీ చెప్పిన ఇంకో మాట, లేట్ చేయకు అని. 2020 నవంబర్ 4న సుప్రీంకోర్టు రజనేశ్ వర్సెస్ నేహ అనే కేసులో చెప్పిందట, భరణం ఆర్డర్ ఎప్పుడొచ్చినా పిటిషన్ వేసిన తేదీ నుంచి లెక్కకట్టాలని. అంటే వాళ్ళు వాయిదాలు తీసుకుని సాగదీసినా నా నెలలు పోవు, కానీ నేను వేయకుండా ఆలోచిస్తూ కూర్చున్న నెలలు మాత్రం పోతాయి. నేను అప్పటికే మూడు నెలలు ఆలోచిస్తూ కూర్చున్నా.

ఇప్పుడు నోట్‌బుక్ సంగతి. అదే తీర్పు వల్ల ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం, ఖర్చులు అన్నీ అఫిడవిట్ వేయాలి, పేజీలకి పేజీలు ఉంటుంది ఆ ఫార్మాట్. మేడమ్ ఇంటికెళ్ళి నీ నెల ఖర్చు రాసుకునిరా అన్నారు. పాప పాత ఎర్ర అట్ట నోట్‌బుక్ ఒకటి ఉంటే, రాత్రి పాప పడుకున్నాక హాల్లో కింద కూర్చుని నేనూ అమ్మా మొదలుపెట్టాం. పాలు 900. పాప స్కూల్ ఫీజు ఏడాదికి 54,000, అంటే నెలకి 4,500. స్కూల్ ఆటో 1,200. ఆయాసం మందులు, నెబ్యులైజర్ కలిపి 1,100. గ్యాస్‌లో మా వాటా, కరెంట్‌లో మా వాటా, బియ్యం, పప్పు, యూనిఫామ్, బూట్లు. అమ్మకి చదువు రాదు కానీ నేను మర్చిపోయినవన్నీ అమ్మే చెప్పింది, సర్ఫు రాసినవా బిడ్డా, కొబ్బరినూనె రాసినవా, పండగకి పిల్లకి గౌను కొనవా అని. రాత్రి ఒంటి గంట అయింది. కూడితే 15,000 చిల్లర వచ్చింది.

మర్నాడు మేడమ్ ఆ పేజీ మొత్తం వేలు పెట్టి చదివి, తల ఎత్తి, ఇందులో నువ్వు ఎక్కడున్నావమ్మా అన్నారు.

నిజంగానే ఎక్కడా లేను. నా బట్టలు లేవు, నా మందులు లేవు, నా థైరాయిడ్ టెస్ట్ లేదు, ఫోన్ రీఛార్జ్ లేదు, బస్సు ఛార్జీలు లేవు. అద్దె రాయలేదు ఎందుకంటే అమ్మ ఇల్లు. అమ్మ ఉచితంగా ఉండనిస్తే అది మీ అమ్మ మంచితనం, మీ ఆయన బాధ్యత తీరిపోయినట్టు కాదు కదా అన్నారు మేడమ్. అక్కడ కుర్చీలో కూర్చుని ఒక పావుగంట నా చేత నా పేరు మీద ఖర్చులు రాయించారు. ఒక్కోటి రాస్తుంటే తప్పు చేస్తున్నట్టు చెయ్యి ఆగిపోయేది. ఎనిమిదేళ్ళు నా మీద పైసా ఖర్చయితే లెక్క చెప్పుకున్నదాన్ని, ఇప్పుడు నా ఖర్చు ఇంత అని కాగితం మీద రాయడమే నాకు ఆ మూడేళ్ళ కేసులో అన్నిటికంటే కష్టమైన పని, ఇది అబద్ధం కాదు.

రెండో చిక్కు నా ఆదాయం దగ్గర వచ్చింది. అప్పటికే ఇంట్లో ఆరుగురు పిల్లలకి ట్యూషన్ చెప్తున్నా, నెలకి 6,000. అన్న రాయొద్దన్నాడు, రాస్తే తగ్గిస్తారు, ఎవడికి తెలుస్తుంది చెల్లీ అని. మేడమ్ ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోలేదు. రాశాం. దీని సంగతి మళ్ళీ చెప్తా.

ఆయన ఆదాయం ఎలా చూపించాలి? జీతమే తెలీదంటే ఎలాగమ్మా, ఏదో ఒక కాగితం ఉంటుంది వెతుకు అన్నారు. ఫోన్‌లో పాత వాట్సాప్ మెసేజ్‌లన్నీ పైకి జరుపుకుంటూ పోతే 2019లో జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించమని నాకే పంపిన ఫామ్ 16 దొరికింది, అంటే జీతం, పన్ను వివరాలతో కంపెనీ ఇచ్చే కాగితం. అప్పట్లో నేను దాన్ని తెరిచి కూడా చూడలేదు, షాపతనికి ఫార్వర్డ్ చేసి ప్రింట్ తెచ్చిచ్చా. మీరు ఇంకా ఇంట్లోనే ఉండి ఆలోచిస్తుంటే, పే స్లిప్, ఫామ్ 16, ఐటీ రిటర్న్, లోన్ కాగితాలు, ఇన్సూరెన్స్, మీ కంటబడిందల్లా ఒక ఫోటో తీసి మీ అన్నకో అక్కకో పంపి పెట్టుకోండి. కంపెనీ నుంచి జీతం వివరాలు తెప్పించమని కోర్టుని అడగొచ్చు, మేం అడిగాం కూడా, కానీ చేతిలో ఒక కాగితం ఉంటే ఆ అడగడంలో బలం ఉంటుంది.

2022 ఫిబ్రవరిలో పిటిషన్ వేశాం. నెలకి నాకూ పాపకీ కలిపి 40,000 అడిగాం. మొదటి నోటీసు డోర్ లాక్ అని తిరిగొచ్చింది, రెండోది అందింది. జూన్‌లో ఆయన తరఫు లాయర్ వకాలత్ వేశారు, కౌంటర్‌కి, అంటే మా పిటిషన్‌కి జవాబు వేయడానికి టైం అడిగారు, మళ్ళీ అడిగారు. మధ్యంతర భరణం, అంటే కేసు తేలేలోపు ఇచ్చేది, అరవై రోజుల్లో తేల్చడానికి చూడాలని చట్టంలో ఉంది, రజనేశ్ తీర్పులో నాలుగు నుంచి ఆరు నెలలు అన్నారు, నాకు పద్నాలుగు నెలలు పట్టింది. ప్రతి వాయిదాకీ పొద్దున్నే పాపని స్కూల్‌కి పంపి, టిఫిన్ డబ్బా కట్టుకుని, మెట్రో ఎక్కి వెళ్ళేదాన్ని. పిలుపు ఎప్పుడొస్తుందో తెలీదు, బయట బెంచీ దొరికితే దొరికినట్టు. ఈ-కోర్ట్స్ యాప్ ఒకటి వేసుకుని సీఎన్ఆర్ నంబర్, అంటే ప్రతి కేసుకీ ఉండే నంబర్ కొడితే తర్వాతి వాయిదా, ఆ రోజు ఏం జరిగిందో కనిపిస్తుంది, అది తెలిశాక ఎవరినీ ఫోన్ చేసి బతిమాలే పని తప్పింది.

మధ్యలో ఆయన ఇంకో కేసు వేశాడు, భార్య కాపురానికి రావాలని, హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్. నోటీసు చూసి నాకు ఒక్క క్షణం మనసు కరిగింది, నిజంగా రమ్మంటున్నాడేమో అని. మేడమ్ నన్ను తిట్టలేదు, ఒక్క ఫోన్ అయినా చేశాడా, పాప పుట్టినరోజుకి వచ్చాడా అని అడిగారు. లేదు. భార్యే కారణం లేకుండా వెళ్ళిపోయింది అని చూపిస్తే భరణం తప్పించుకోవచ్చని చాలామంది వేసే ఎత్తు అది. ఆ కేసులో నేను 24 కింద ఖర్చులు అడిగితే 15,000 ఇప్పించారు. తర్వాత 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఇంకో కేసులో ఇంకా స్పష్టంగా చెప్పింది, కాపురానికి వెళ్ళమని భార్య మీద డిక్రీ ఉన్నా సరే, వెళ్ళకపోవడానికి సరైన కారణం ఉంటే భరణం అడగొచ్చని.

ఆయన అఫిడవిట్ వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. మొత్తం జీతం 1,10,000, పన్ను, పీఎఫ్ పోను 92,000. ఎనిమిదేళ్ళలో మొదటిసారి ఆ అంకె చూశా, అదీ కోర్టు స్టాంపు ఉన్న కాగితంలో. దాని కింద ఇంటి లోన్ 31,000, పర్సనల్ లోన్ 14,000, చిట్టీ 9,000 తీసేసి చేతిలో మిగిలేది 38,000 అని రాశారు. నేను గాభరా పడితే మేడమ్ చెప్పారు, పన్నూ పీఎఫ్ లాంటివి తప్పనిసరి కోతలు, చిట్టీ అనేది తన పొదుపు, తను ఇష్టపడి తీసుకున్న అప్పుల్ని చూపించి భార్యాపిల్లల వాటా తగ్గించమంటే కోర్టులు సాధారణంగా ఒప్పుకోవు అని. పర్సనల్ లోన్ తీసుకున్న తేదీ చూస్తే నేను ఇంట్లోంచి వచ్చేసిన రెండో నెల. అది వాదనలో చెప్పారు.

2023 ఏప్రిల్‌లో మధ్యంతర ఆర్డర్. నాకు 15,000, పాపకి 8,000, మొత్తం 23,000, పిటిషన్ వేసిన నెల నుంచి. అంటే అప్పటికి 14 నెలల బకాయి 3,22,000, దాన్ని 80,500 చొప్పున నాలుగు వాయిదాల్లో కట్టాలి, ప్రతి నెల భరణం వేరే. ఎలా లెక్కేశారు, ఏదైనా ఫార్ములా ఉందా అని చాలామంది అడుగుతారు. ఫార్ములా లేదు. 2017లో ఒక కేసులో సుప్రీంకోర్టు భర్త నికర జీతంలో 25 శాతం ఇస్తే సబబుగా ఉంటుందంది, అందరూ అదే పట్టుకుని చెప్తారు, నాకొచ్చింది కూడా దాదాపు అంతే, కానీ అది రూల్ కాదు. ఇద్దరి ఆదాయం, చదువు, పిల్లలు ఎవరి దగ్గరున్నారు, కాపురంలో ఉన్నప్పుడు ఎలా బతికారు, భార్య ఉద్యోగం ఎందుకు మానేసింది, భర్త మీద ఆధారపడ్డ ఇంకెవరున్నారు, ఇవన్నీ చూస్తారు. ఎక్కువా రావచ్చు, తక్కువా రావచ్చు.

మొదటి నెల డబ్బులు పడ్డ మెసేజ్ వచ్చినప్పుడు ట్యూషన్ చెప్తున్నా. ఫోన్ టింగుమంది, చూసి మళ్ళీ బోర్డు వైపు తిరిగా. పిల్లలు వెళ్ళిపోయాక అమ్మకి చూపిస్తే, అమ్మ అంకెలు గుర్తుపడుతుంది, ఆ అంకె మీద వేలితో తడిమి, ఇది ఎవ్వరికీ లెక్క చెప్పేది లేదు గదా బిడ్డా అంది.

కానీ ఆర్డర్ రావడం వేరు, డబ్బు రావడం వేరు, ఇది అందరూ గుర్తుపెట్టుకోవాలి. సెప్టెంబర్ దాకా నెలనెలా వేశాడు, బకాయి వాయిదాలు రెండు కట్టాడు. అక్టోబర్ నుంచి బంద్. ఫోన్ ఎత్తడు. నేను సర్లే వచ్చే నెల వేస్తాడేమో అని నాలుగు నెలలు ఊరుకున్నా. మేడమ్‌కి చెప్తే మొదటిసారి కోప్పడ్డారు, బకాయి వసూలు కోసం వారెంట్ అడగాలంటే అది కట్టాల్సిన తేదీ నుంచి ఏడాదిలోపు అప్లికేషన్ వేయాలని, దాటితే ఆ దారి మూసుకుపోతుందని. పాత బకాయికి ఇంకో రెండు నెలల్లో ఏడాది నిండుతుంది. 2024 ఫిబ్రవరిలో పరుగున వేశాం, మిగిలిన బకాయి 1,61,000, నాలుగు నెలలది 92,000, మొత్తం 2,53,000. ఆర్డర్ ఉండీ కట్టకపోతే ఒక్కో నెల బకాయికి నెల దాకా జైలు వేయొచ్చు, ఇంకో సంగతి, జైల్లో ఉండొచ్చినంత మాత్రాన బాకీ రద్దవదు, అది కట్టాల్సిందే. వారెంట్ వచ్చాక మే నెలలో వాళ్ళ నాన్నతో కలిసి వచ్చి మొత్తం కట్టేశాడు. ఆయన్ని జైలుకి పంపాలని నాకు ఎప్పుడూ లేదు, పాపకి తండ్రి. కానీ ఆ కాగితం వేయకపోతే ఆ డబ్బు వచ్చేది కాదు, అది కూడా నిజం.

క్రాస్ ఎగ్జామినేషన్ సంగతి మధ్యలో వదిలేశా. అసలు ఎం.సి.లో నన్ను బోను ఎక్కించింది 2023 నవంబర్‌లో. అవతలి లాయర్ మొదటి ప్రశ్నే, మీరు బీఈడీ చదివారు, మ్యాథ్స్ టీచర్, ఆరోగ్యంగా ఉన్నారు, ఉద్యోగం చేయకుండా భర్త మీద పడి తినాలనుకుంటున్నారు, అవునా కాదా అన్నారు. ఆ మాటకి కాళ్ళు వణికాయి. మేడమ్ ముందే చెప్పారు, సంపాదించగలగడం వేరు, సంపాదిస్తూ ఉండటం వేరు అని సుప్రీంకోర్టే చెప్పిందని, కంగారు పడకుండా జరిగింది చెప్పమని. ప్రెగ్నెన్సీతో మానేశానండి, పాప ఆయాసం వల్ల మళ్ళీ చేరలేకపోయాను, ఎనిమిదేళ్ళ గ్యాప్‌తో రెండు స్కూళ్ళలో అడిగాను, డెమో ఇచ్చాను, తీసుకోలేదు అని చెప్పా. అప్పుడు ఆ లాయర్ ఒక ఫోటో బయటికి తీశారు, మా గేటుకి కట్టిన ట్యూషన్ బోర్డు. ఎవర్నో పంపించి తీయించారన్నమాట. ఈ ఆదాయం కోర్టు దగ్గర దాచారు కదా అన్నారు. లేదండి, నా అఫిడవిట్‌లో రాశాను, ఆరుగురు పిల్లలు, 6,000 అన్నా. జడ్జి గారు కట్ట తిప్పి చూసుకుని, రాశారు, తర్వాతి ప్రశ్న వేయండి అన్నారు. ఆ రోజు రాత్రి అన్న నా దగ్గరికొచ్చి, నా మాట వినకపోవడమే మంచిదైంది చెల్లీ అన్నాడు. దాచిపెట్టే ఆలోచనలో ఉన్నవాళ్ళకి చేతులెత్తి చెప్తున్నా, ఒక్క అబద్ధం దొరికితే మీరు చెప్పిన తొంభై నిజాల్ని ఎవరూ నమ్మరు.

కోర్టు బెంచీ మీద పరిచయమైన ఒక ఆపా ఉంది, పాతబస్తీ నుంచి వచ్చేది, మేం డబ్బాలు పంచుకుని తినేవాళ్ళం. విడాకులైన ముస్లిం ఆడవాళ్ళకి ఈ 125 వర్తించదు, మీకు వేరే చట్టం ఉంది అని ఆమెకి ఎవరెవరో చెప్పి భయపెట్టేవాళ్ళు. 2024 జులై 10న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, విడాకులైన ముస్లిం మహిళ కూడా 125 కింద అడగొచ్చని, ఆ కేసు మన తెలంగాణ నుంచే వెళ్ళింది, నెలకి 10,000 మధ్యంతర భరణం మీద భర్త అక్కడి దాకా పోయాడు. ఆ వార్త ఫోన్‌లో నేనే ఆమెకి చదివి వినిపించా. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, పిలుపు వచ్చేదాకా వదల్లేదు.

2024 సెప్టెంబర్‌లో మీడియేషన్‌కి పంపారు. అప్పటికి నాకూ అర్థమైంది ఇక కలిసేది లేదని, ఆయనకీ అర్థమైంది ఇది ఆగేది కాదని. పరస్పర అంగీకార విడాకులు, ఒకేసారి సెటిల్‌మెంట్. వాళ్ళు 10 లక్షల దగ్గర మొదలుపెట్టారు, మేం 35 దగ్గర. నాలుగు సిట్టింగ్‌ల తర్వాత 22 లక్షలకి తెగింది. నాకు 14, పాప పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ 8, స్కూల్ ఫీజులో సగం ప్రతి టర్మ్ 5వ తేదీలోపు.

ఒకేసారి తీసుకోవాలా, నెలనెలా తీసుకోవాలా, దీని మీద నేను చాలా రాత్రులు నిద్రపోలేదు. ఎర్ర నోట్‌బుక్‌లోనే లెక్కేశా. 14 లక్షలు బ్యాంకులో ఏడు శాతానికి వేసుకున్నా ఏడాదికి 98,000, నెలకి 8 వేల చిల్లర, ఇప్పుడొచ్చే 15,000 కంటే చాలా తక్కువ. కానీ నెలనెలా అంటే మళ్ళీ ఆపేస్తే మళ్ళీ వారెంట్, మళ్ళీ బెంచీ, ఉద్యోగం మారితే తగ్గించమని పిటిషన్. జీతం పెరిగితే నేనూ పెంచమని అడగొచ్చు, అదీ ఒక లాభం. నెలవారీగా వచ్చేదాన్ని ఆదాయం కింద చూస్తారు, ఒకేసారి వచ్చేదాన్ని సాధారణంగా అలా చూడరని కూడా మేడమ్ చెప్పారు. అన్నీ ఆలోచించి నేను ఒకేసారే ఎంచుకున్నా, ఎందుకంటే ఆయన ఫోన్ మీద ఆధారపడి నా నెల గడవకూడదు అనిపించింది. ఉద్యోగం చేసే అవకాశం లేనివాళ్ళు, పెద్ద వయసువాళ్ళు నాలాగే చేయాలని నేను చెప్పను, వాళ్ళకి నెలనెలా రావడమే మేలు కావచ్చు. పాప విషయంలో మాత్రం ఎవరికైనా ఒకటే మాట, బిడ్డ భరణం తల్లి వదులుకుంటే పోయేది కాదు, అది బిడ్డ హక్కు. మాది అగ్రిమెంట్‌లో విడిగా రాయించారు, చదువు పెరిగితే, వైద్యం పెద్దదైతే మళ్ళీ అడిగే హక్కు ఉంచి.

13బి, అంటే హిందూ వివాహ చట్టంలో ఇద్దరూ ఒప్పుకుని విడాకులు అడిగే సెక్షన్, దాని కింద పిటిషన్ వేశాక మామూలుగా ఆరు నెలలు ఆగాలి, మేం అప్పటికే మూడేళ్ళుగా విడిగా ఉన్నాం, అన్నీ తేల్చుకున్నాం కాబట్టి 2017 సుప్రీంకోర్టు తీర్పు చూపించి ఆ గడువు మాఫీ చేయించుకున్నాం. మేడమ్ చాలా పట్టుగా ఉన్న విషయం ఒకటి, డబ్బు మొత్తం చివర్లో ఇస్తామంటే ఒప్పుకోవద్దని, మొత్తం ముందే ఇచ్చేయమంటే అవతలివాళ్ళు ఒప్పుకోరని. అందుకే మొదటిసారి స్టేట్‌మెంట్ రోజు 7 లక్షల డీడీ, రెండోసారి రోజు 7 లక్షల డీడీ, పాప ఎఫ్‌డీ రసీదు. చెక్కు వద్దు, క్యాష్ అసలే వద్దు. డీడీ నంబర్లు ఆర్డర్‌లో రాశారు. 2025 ఫిబ్రవరిలో డిక్రీ వచ్చింది, అదే రోజు ఎం.సి., 9వ సెక్షన్ కేసు రెండూ వెనక్కి తీసుకున్నట్టు మెమో వేశాం. బయటికొచ్చాక ఆయన ఒక నిమిషం ఆగి, పాపకి నెబ్యులైజర్ ఇంకా పెడుతున్నారా అని అడిగాడు. తగ్గింది, చలికాలంలోనే అని చెప్పా. అంతే, ఎవరి దారిన వాళ్ళం.

జూన్‌లో దిల్‌సుఖ్‌నగర్ దగ్గర ఒక స్కూల్లో చేరా, 18,000, పాపకి ఫీజులో రాయితీ కూడా ఇచ్చారు. డిక్రీ సర్టిఫైడ్ కాపీలు రెండు తీసుకున్నా, ఒకటి అన్న ఇంట్లో, ఒకటి నా బీరువాలో ఎర్ర నోట్‌బుక్ పక్కన. ఆ నోట్‌బుక్ ఇంకా రాస్తూనే ఉన్నా, ఇప్పుడు మొదటి లైన్ నా పేరు, కింద థైరాయిడ్ మందులు 240, బస్ పాస్, ఒక కాటన్ చీర 850. మొన్న టర్మ్ ఫీజులో సగం నాలుగో తారీఖునే పడింది.